బోణీ వేళ కట్టేసిన ఎడమ చేయి

మా చిన్నప్పుడు... వేసవి సెలవులు వస్తే నా మకాం వరంగల్ బజారులోని మా బాపు కిరాణా దుకాణంలోనే. డెబ్బైల నాటి మాట. పొద్దున్నే ఊడ్చి, నీళ్లు చల్లి, ఊదుబత్తి వెలిగించి బాపు గల్లా దగ్గర కూర్చునేవాడు. పక్కన బియ్యం బస్తా మీద నేను...

ఒకరోజు మొదటి బేరానికి కాశిబుగ్గ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. బాపు బెల్లం తూచి, పొట్లం కట్టి నా చేతికిచ్చాడు. నేను హుషారుగా అందించాను... ఎడమ చేత్తో. పుట్టుకతోనే నాది ఎడమ చేతివాటం మరి.

"బోణీ ఏళ ఎడమ చెయ్యేంది సేటూ?" అని ఆయన పొట్లం ముట్టకుండానే వెళ్లిపోయాడు.

బాపు కొట్టలేదు, తిట్టలేదు. పొట్లాలు కట్టే పురికొస తెంపి నా ఎడమ చేతిని నడుముకు కట్టేశాడు. "జర ఓర్సుకో బిడ్డా, అలవాటైతది" అన్నాడు. అంత మెత్తగా చెప్పేసరికి ఏడవడానికి కూడా వీల్లేకపోయింది. వచ్చేపోయేవాళ్లు చూసి నవ్వేవారు. ఆ సెలవులన్నీ దుకాణంలో ఉన్నంతసేపూ అదే కట్టు...

అలవాటైంది. తినడం, రాయడం, ముగ్గులు వేయడం, అన్నీ కుడి చేత్తోనే. కానీ నలుగురిలోకి వెళ్తే ఈనాటికీ నా ఎడమ చేయి దానంతటదే కొంగు చాటుకు పోతుంది.

ఈమధ్య మా మనుమరాలు ఎడమ చేత్తో చెంచా పట్టుకుంటే, ఎవరో వచ్చి దాని చేయి కట్టేస్తారని భయపడి దాన్ని ఒళ్లో దాచుకున్నాను. నా వాలకం చూసి మా బిడ్డ హనుమకొండలో ఒక కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లింది. మన లోపలి చిన్నపిల్లను ఓదార్చే థెరపీ అట. అరవై దగ్గరపడ్డ దానికి ఇదేం వైద్యమని నవ్వుకున్నాను.

నా ఎడమ చేతి సంగతి కౌన్సెలర్‌కు ఇంకా చెప్పనేలేదు. ఆమె కాగితం, పెన్సిల్ ముందు పెట్టి, "రోజూ రాసే చెయ్యి కాదమ్మా, రెండో చేత్తోని రాయుండ్రి. ఆ చిన్నపిల్ల ఏం చెప్తదో చూద్దాం" అంది. వచ్చినవాళ్లందరికీ చెప్పే మాటేనట అది.

నా రెండో చేయి అంటే...

కొంగు చాటు నుంచి దాన్ని బయటికి తీయడానికి చాలాసేపు పట్టింది. అక్షరాలు వంకరటింకరగా వచ్చాయి. "బాపూ, కట్టు ఇప్పు." అంతే రాయగలిగాను. ఆనాడు రాని ఏడుపంతా అప్పుడొచ్చింది. బాపు మీద కోపం లేదని ఇన్నేళ్లూ అనుకున్నాను... ఉంది. ప్రేమా ఉంది. కుడి చేత్తో ఆ మణికట్టు నిమురుతూ, బాపు అనాల్సిన మాట నేనే అన్నాను. "ఇప్పేసిన బిడ్డా... ఇగ ఫికర్ చెయ్యకు."

ఇప్పుడు పురికొసలూ లేవు, కాగితం పొట్లాలూ లేవు. మా మనుమరాలు ఎడమ చేత్తో బొమ్మలు గీస్తుంటే ఎవరూ ఏమీ అనరు. నిన్న దాని పక్కన కూర్చుని నేనూ ఒక పువ్వు గీశాను. అది నా చేతి వంక చూసి, "అమ్మమ్మా, నువ్వు గూడ నా లెక్కనేనా?" అంది.

"ఔ బిడ్డా, నీ లెక్కనే" అన్నాను... ఆ మాట అనడానికి ఇన్నేళ్లు పట్టింది.

మీలో ఎవరి ఎడమ చేయి అయినా ఇంకా కొంగు చాటునే ఉంటే... ఇక్కడ చెప్పుకోండి. వినడానికి నేనున్నాను.