సైకిలుకు తలంటు

ఆదివారం చర్చికి శుభ్రంగా పోవాలని మా అవ్వ శనివారం సాయంత్రాలు నాకు ఆముదంతో తలంటేది. అప్పటికే నేను ఉద్యోగస్తుణ్ణి. ఉదయగిరి నుంచి దుత్తలూరు దారిలో ఉన్న ఒక బడికి రోజూ సైకిలు తొక్కి, పాఠాలు చెప్పి వచ్చేవాణ్ణి. అయినా ఆమె ముందు తల వంచాల్సిందే. గిన్నెలో మిగిలిన ఆముదం సైకిలు చైనుకు పూసేది.

"అది గూడా నీతోనే తిరగతా ఉండాది గదరా," అనేది.

సోమవారం ఎండెక్కేసరికి కింద చైనులోంచీ పైన నా జుట్టులోంచీ ఒకటే వాసన. కొండ నీడలో దారి పల్లంలోకి దిగేది, తొక్కే పని ఉండేది కాదు. కళ్లు సగం మూతపడేవి. నన్నూ సైకిలునూ కలిపి ఎవరో ఒళ్లో పెట్టుకుని ఊపుతున్నట్టుండేది.

ఆ ఆముదానికే ఎర్రదుమ్ము అతుక్కుని చైను నల్లటి ముద్దయింది. ఒకరోజు పళ్లచక్రం మీంచి జారి నన్ను నడిరోడ్డులో దించేసింది. ఇంటిదాకా నెట్టుకొచ్చి అవ్వ మీద మండిపడ్డాను.

"ఆముదం పూసి చైను చెడగొట్టినావు!"

"తలంటింది నేను. నీళ్లు పొయ్యకుండా తిప్పింది ఎవరు?" అంది అవ్వ, తల కూడా ఎత్తకుండా.

చైను విప్పి కిరసనాయిల్లో నానేసి, పాత బ్రష్షుతో తోమాను. ఒక్కో లింకే మెరుస్తూ బయటపడింది. ఆ తర్వాత మిషన్ నూనెకు మారాను.

అవ్వ పోయాక కూడా శనివారం సాయంత్రాలు చైను కడిగి నూనె పెట్టేవాణ్ణి. అది చప్పుడు లేకుండా తిరిగేది. నా నెత్తే ఎండిపోయింది.