పిడికిలి పరీక్ష

మొన్న జగిత్యాలలో ఫిజియోథెరపీ చేసే అబ్బాయి ముందు కూర్చున్నాను. మణికట్టు విరిగి అతికిన దగ్గర నుంచి నా కుడిచెయ్యి మొద్దుబారి ఉంటోంది. అతను పిడికిలి బలం కొలిచే, ముల్లున్న చిన్న యంత్రమొకటి చేతిలో పెట్టి, ఉన్న బలమంతా పెట్టి పిండమన్నాడు. చూడగానే గుర్తుపట్టాను. వ్యాయామం టీచరుగా జీవితమంతా ఈల ఊదినదాన్ని, అలాంటి యంత్రాన్ని అంతకుముందు ఒక్కసారే చూశాను, అదీ రాష్ట్రం కోసం బడులు మూసి మనమంతా రోడ్ల మీద కూర్చున్న రోజుల్లో.

మన ఈడువాళ్లకు ఆ రోజుల గురించి చెప్పనక్కర్లేదు. బస్సులు లేవు, సిరిసిల్లలో మా పుట్టింటికి పోదామన్నా దారి పొడవునా వంటావార్పు పొయ్యిలే. పేపరు తెరిస్తే ఎవరింటి పిల్లవాడో ప్రాణం తీసుకున్న వార్త. మొదట్లో ఏడ్చేదాన్ని, పోనుపోను పేపరు మడిచి పక్కన పెట్టి సమ్మె టెంటుకు పోవడం అలవాటైంది. మనసుకు కూడా తిమ్మిరెక్కుతుందని నాకు అప్పుడే తెలిసింది.

అలాంటి సమయంలో, పడవ పందేలకు పిల్లలను ఎంపిక చేయడానికి పట్నం నుంచి ఒక సారు వస్తున్నాడని, ఎంపికైతే హాస్టలు, తిండి, చదువు అన్నీ వాళ్లే చూసుకుంటారని కబురొచ్చింది. నాకు వెంటనే మా బడి పిల్ల ఒకతె మనసులో మెదిలింది. బీర్పూర్ అవతల గోదావరి ఒడ్డు ఊరు వాళ్లది, గుంటెడు భూమి లేదు. తండ్రి జనాన్ని ఆదిలాబాద్ ఒడ్డుకు దాటించేవాడు, ఊహ తెలిసినప్పటి నుంచి ఆ పడవలో రెండో తెడ్డు ఆ పిల్లదే. ఆ ఏడు గడిస్తే ఎంపికకు వయసు మించిపోతుంది, ఆపైన బడి మాన్పించి కోరుట్లలో మేనత్త దగ్గర బీడీలకు కూర్చోబెడతామని ఇంట్లో అప్పటికే అనుకుంటున్నారు. సమ్మెలో ఉన్నా ఆ పిల్ల పేరు నేనే పంపాను.

తీరా ఎంపిక రోజే బంద్ పడింది. తండ్రీ బిడ్డలు ముందురోజే సైకిలు మీద బయలుదేరి, సారంగాపూర్‌లో చుట్టాలింట్లో పడుకుని, మార్చి మార్చి తొక్కుకుంటూ జగిత్యాల మైదానానికి వచ్చారు. సారు కారు అద్దానికి జై తెలంగాణ కాగితం అంటించుకుని వచ్చాడు గానీ, మధ్యాహ్నానికల్లా రాస్తారోకో మొదలవుతుందని ఎవరో చెప్పిన దగ్గర నుంచి గడియారమే చూస్తున్నాడు. యంత్రాన్ని పిడికిట పిండాలి, గొలుసుకు కట్టిన కడ్డీని నడుముతో కాళ్లతో పైకి లాగాలి, బరువు బంతి విసరాలి, నిలుచున్న చోటి నుంచి దూకాలి. మిగతా పిల్లలు ముఖాలు ఎర్రబడేలా పెనుగులాడారు, తర్వాత గడ్డి మీద కూలబడ్డారు. మా పిల్ల మాత్రం ఎన్నిసార్లు పిండినా ముల్లు ఒక్కచోటికే వచ్చి ఆగింది, కడ్డీ లాగినా అంతే, చెమట కూడా పట్టలేదు. సారు తల అడ్డంగా ఊపి, సామాను సర్దుకుని వెళ్లిపోయాడు.

గట్టిగా ఎందుకు పట్టలేదే అని అడిగాను. ఆ పిల్ల నన్ను వింతగా చూసింది.

"ఉన్నదంత ఒక్కపారే పెడితె మర్లి వచ్చుడెట్ల టీచర్? బాపు గట్లనే నేర్పిండు."

అవతలి ఒడ్డు చేరడమే కాదు, తిరిగి రావాలి కదా. ఆ రోజైతే బీర్పూర్ దాకా సైకిలు కూడా తొక్కాలి. కారు పోయిన వైపు చూశాను, దుమ్ము కూడా అణిగిపోయింది. అంతలో తండ్రి సైకిలు నడిపించుకుంటూ దగ్గరికి వచ్చాడు.

"పట్నం ఎన్నడు తోలమన్నరు టీచరమ్మా?"

తీసుకోలేదని చెప్పాను. నాకు ఏడుపు కూడా రాలేదు. అతను తలూపి బిడ్డను వెనక ఎక్కించుకోబోతే, ఆ పిల్లే ముందు కూర్చుని తొక్కింది.

జగిత్యాల జిల్లా అయింది. గోదావరి మీద వంతెన వచ్చింది, అక్కడ తెడ్డు పట్టేవాళ్లతో ఎవరికీ పని లేదు. కొన్నేళ్ల కింద కోరుట్ల బస్టాండులో ఆ పిల్ల కనిపించి, బీడీ ఆకు వాసన వేసే చేతులతో నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు కూడా మెత్తగానే పట్టుకుంది.

ఫిజియోథెరపీ అబ్బాయి ఇంకా గట్టిగా పిండమంటున్నాడు. నేను పిండుతూనే ఉన్నాను, ముల్లు కొంత దూరం పోయి ఆగింది. ఈ వయసులో నాకు మర్లి రావలసిన ఒడ్డు ఏదీ లేదు, అయినా ఉన్నదంతా పెట్టానో లేదో ఆ మొద్దుబారిన చేతికి తెలియలేదు.