ఈశాన్యం కుంగిన ఇల్లు

మా మామగారు అంబులెన్సులో పోయారు. ఆసుపత్రికి వెళ్తూ కాదు, ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక, మేం అద్దెకుంటున్న ఇంటి ముందు. ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళమని డాక్టర్లు చెప్పేశారు. తీసుకొస్తే ఇంటి ఓనరు గేటు దగ్గర చేతులు జోడించి నిలబడ్డాడు. చెడ్డవాడేం కాదు. కూతురి పెళ్ళికి ముహూర్తం పెట్టుకున్నారు, ఇంట్లో ప్రాణం పోతే ఎలాగని ఆయన భయం. మా వైపు ఇది కొత్తేం కాదు. చెడ్డ నక్షత్రంలో పోతే ఇల్లు కొన్నాళ్ళు వదిలేయాలంటారు. సొంతిల్లయితే పోయాక వదిలేస్తారు, అద్దిల్లయితే అసలు పోనివ్వరు.

మా ఆయన ఓనరును బతిమాలుతుండగానే మామగారి ఊపిరి ఆగిపోయింది. అత్తగారు అంబులెన్సులో ఆయన పాదాలు పట్టుకుని కూర్చుని ఉన్నారు. అప్పుడు ఆవిడ ఏడవలేదు. దినకర్మలన్నీ అయ్యాక కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని ఒకటే అడిగారు.

"అబ్బాయ్, నేను మాత్రం మనింట్లో పోవాల్రా. పాకైనా ఫర్వాలేదు."

అది మొదలు మా ఇంటిల్లిపాదికీ ఇల్లు వెతకడమే పనైంది. రొయ్యల డబ్బు పొంగిన భీమవరంలో కొత్త ఇళ్ళ ధర అడిగితే చెప్పేవాళ్ళకే నవ్వొచ్చేది. కాలేజీ లైబ్రరీలో పనిచేసే మా ఆయనకీ, రొయ్యల మేత కంపెనీ ఆఫీసులో కూర్చునే నాకూ పాత ఇల్లే దిక్కు. చివరికి ఒకటి దొరికింది. ఊరి చివర, కాలవ దాటాక, చిన్న స్లాబు ఇల్లు. కట్టినప్పుడు చుట్టూ వరిచేలట. ఇప్పుడు ఉత్తరం, తూర్పు రెండు వైపులా రొయ్యల చెరువులు, దాదాపు గోడ దాకా నీళ్ళు. చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతుంటే ఎండాకాలంలో కూడా బయట వాన పడుతున్నట్టే ఉండేది.

మా వైపు ఇల్లు కొనేవాళ్ళు సిద్ధాంతిని తీసుకెళ్తారు, లాయరుకి కాగితాలు చూపిస్తారు. ఇంజనీరుని తీసుకెళ్తే మాత్రం అమ్మేవాళ్ళకి కోపం వస్తుంది, నిక్షేపంలాంటి ఇంటికి వంకలు పెడుతున్నామని. బ్యాంకు తరపున ఒకాయన వస్తాడు కానీ, ఆయన చూసేది ఇల్లు ఎంత ధర చేస్తుందని, ఎన్నాళ్ళు నిలబడుతుందని కాదు. నేను పట్టుబట్టి ఒక రిటైర్డ్ ఇంజనీరు గారిని పిలిపించాను. ఆయన ఒక పూటంతా ఉన్నారు. నిచ్చెనెక్కి స్లాబుని సుత్తితో తట్టి చూశారు. నీళ్ళ పైపుతో మట్టాలు కొలిచారు. గోడ అడుగున తెల్లగా పొంగిన ఉప్పుని వేలితో గీకి చూశారు. వెళ్ళేముందు కాఫీ తాగి, ఇక్కడ గాలి బాగా వస్తోందండి అన్నారు. నోటితో చెప్పింది అంతే.

రిపోర్టు ఇంగ్లీషులో వచ్చింది. ఈశాన్యం మూల కుంగినట్టు కనబడుతోంది. అది ఇంకా కుంగుతోందో ఆగిందో తెలియాలంటే పగుళ్ళ మీద గాజు పలకలు అతికించి ఒక వానాకాలం పరిశీలనలో ఉంచడం మంచిది. హాలు స్లాబు కొన్ని చోట్ల డొల్లగా మోగుతోంది, లోపలి ఇనుము ఎలా ఉందో విప్పి చూసుకోవడం మేలు. చెరువుల తేమ పునాదికి చేరుతూ ఉండవచ్చు. మొదటి నుంచి చివరిదాకా అదే వరస. భయపెట్టే మాట ఒక్కటీ లేదు. పెళ్ళి సంబంధం ఇష్టం లేనివాళ్ళు కూడా ఇంతకంటే తేటగా చెప్తారు. నేను ఫోన్ చేసి, ఇంతకీ కొనమంటారా వద్దంటారా అని నేరుగా అడిగాను. తను చూసింది రాశాననీ, కొనడం మానడం మా ఇష్టమనీ ఆయన మర్యాదగా అన్నారు.

తరవాత సిద్ధాంతి గారు వచ్చారు. దిక్సూచి పెట్టి చూసి, హాల్లో చెంబుడు నీళ్ళు పోయించారు. నీళ్ళు ఎవరో పిలిచినట్టు తిన్నగా ఈశాన్యం మూలకి వెళ్ళి నిలిచాయి. ఆయన మొహం వెలిగిపోయింది. ఈశాన్యం పల్లం, ఆ పక్కనే జలం, కావాలని కట్టించుకుందామన్నా ఇలా కుదరదన్నారు. అదే మూల. ఒకాయన కుంగిందన్నారు, ఇంకొకాయన కలిసొస్తుందన్నారు. మా ఆయన ఇంకో అడుగు ముందుకేసి, సిద్ధాంతి మాటకి సాక్ష్యంగా ఇంజనీరు రిపోర్టే తీసి నాకు చూపించారు, ఈయన కూడా ఈశాన్యం కిందకుందనే రాశాడు కదా అని. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పక్కన అత్తగారు ఆ నీళ్ళలో వేళ్ళు ముంచి కళ్ళకద్దుకుంటున్నారు. ఆవిడ మొహం చూశాక రిపోర్టు మడిచి సంచీలో పెట్టేశాను.

ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. మా ఆఫీసుకి ల్యాబుల నుంచి చెరువుల రిపోర్టులు వస్తూనే ఉంటాయి. పరిశీలనలో ఉంచండి అని ల్యాబు వాళ్ళు రాస్తే ఏ రైతూ చెరువు గట్టున పరిశీలిస్తూ కూర్చోడు. తెల్లారేసరికి వలలు దింపి, ఎంత చిన్నవైనా సరే, రొయ్యల్ని పట్టించేస్తాడు. ఆ మాటకి జబ్బు తగిలిందనే అర్థమని మా వైపు అందరికీ తెలుసు. అదే మాట ఇంటి గురించి రాస్తే, ఓస్, చూస్తూ ఉంటే చాలన్నమాట అనుకున్నాం.

కొన్నాం. ఆవుని తిప్పాం, పాలు పొంగించాం. ఇంజనీరు గారు మళ్ళీ వచ్చి పగుళ్ళకి అడ్డంగా చిన్న చిన్న గాజు పలకలు సిమెంటుతో అతికించి, గోడ కదిలితే గాజు పగులుతుంది, పగిలితే వెంటనే కబురు చెయ్యండని చెప్పి వెళ్ళారు. మేమిద్దరం పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాళ్ళం. ఇల్లంతా అత్తగారిదే. మేకు కొట్టాలంటే ఎవర్నీ అడగక్కర్లేదు కదా అని, తగిలించడానికి ఏమీ లేకపోయినా గోడలకి మేకులు కొట్టించారు. దారిన పోయేవాళ్ళని అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, మా ఇంటికి రండి, మా ఇంటికి రండి అనేవారు. ఆవిడ అంత సంతోషంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. నాకూ సంతోషమే అనిపించింది.

వానలు ముదిరాక ఒక ఆదివారం ఇల్లు దులుపుతుంటే పూజగదిలో గాజు పలక కనబడలేదు. హాల్లోదీ లేదు. ఆ చోట సిమెంటు మచ్చకి పసుపు రాసి బొట్టు పెట్టి ఉంది. ఏమయ్యాయని అత్తగారిని అడిగాను.

"పగిలిపోయాయమ్మాయ్, తీసి అవతల పారేశాను. పగిలిన గాజు ఇంట్లో ఉంచుకుంటే అరిష్టం కదూ?"

ఎప్పుడు పగిలాయో ఆవిడకి గుర్తు లేదు. ఒక్కొక్కటీ పగిలినప్పుడల్లా తీసేశారట. పగిలితే కబురు చెయ్యమని ఇంజనీరు చెప్పింది ఆవిడ వినకపోలేదు. అయితే ఆవిడకి అది పనివాళ్ళ జాగ్రత్త, పగిలిన గాజు మాత్రం ఇంటి క్షేమానికి సంబంధించిన సంగతి. చిన్నప్పుడు చిన్న అద్దం పగిలితే సంధ్య వేళకి ముందే వీధిలో పారేయించేది మా అమ్మ. మా ఇళ్ళల్లో పగిలిన గాజు వారం పాటు గోడకి ఉంటుందని అనుకున్నవాళ్ళదే తెలివితక్కువతనం.

ఇంజనీరుకి కబురు చేద్దాం, చేద్దాం అంటూ మా ఆయన నాన్చారు. చేస్తే ఏం వినాల్సొస్తుందోనని ఆయన బెంగ. ఇంతలో ఒక మధ్యాహ్నం హాల్లో స్లాబు పెచ్చు ఊడిపడింది. తలుపు రెక్కంత పెచ్చు. అత్తగారు అరుగు మీద ఉన్నారు కాబట్టి బతికారు. పైన ఊచలు తాకితే పొరలు పొరలుగా రాలాయి. ఇంజనీరు గారు వచ్చి చూసి, ఈసారి తెలుగులోనే, ఇందులో ఇక మనుషులుండకూడదన్నారు. స్లాబు కూలకుండా కింద సరుగుడు బాదులు పోటీలుగా నిలబెట్టించి, వాటి కింద కూడా ఎవరూ నిలబడొద్దన్నారు. పునాది బాగు చేద్దామన్నా చెరువులు ఎండగడితే తప్ప మట్టి గట్టిపడదు, చెరువుల వాళ్ళెందుకు ఎండగడతారు. నాకు దుఃఖమూ కోపమూ కలిసి వచ్చి, ఈ ముక్క అప్పుడే ఎందుకు చెప్పలేదండి అని అడిగేశాను.

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "అప్పుడూ ఇదే చెప్పానమ్మా," అన్నారు.

మళ్ళీ అద్దింట్లోకి మారాం. అత్తగారు రోజూ వెళ్ళి ఆ ఇంటి వాకిలి ఊడ్చి ముగ్గేసి వచ్చేవారు. లోపలికి వెళ్ళొద్దని నేను తాళం చెవి దాచేశాను. ఆవిడ దాని గురించి ఎప్పుడూ అడగలేదు. తరవాత వానాకాలానికి జ్వరం పట్టుకుంది, అది ఊపిరితిత్తులకి పాకింది. ఆసుపత్రిలో కొన్నాళ్ళుంచి, ఇక ఇంటికి తీసుకెళ్ళండన్నారు. కొత్త ఓనరు చేతులు జోడించేదాకా మేం ఆగలేదు. మా ఆయన అంబులెన్సు డ్రైవరుకి కాలవ అవతలి దారి చెప్పారు.

అరుగు పక్క గోడ కూడా అప్పటికే కొంత కూలి, అరుగు మీద ఇటుకల కుప్ప ఉంది. నేను దాచిన తాళం చెవి నా సంచీలోనే ఉంది; తలుపు తీయగానే లోపల బాదులు కనబడ్డాయి. స్ట్రెచరు పట్టుకున్న మనుషులిద్దరూ గుమ్మం దగ్గర ఆగి, వాకిట్లో అయితే దింపుతాం, లోపలికి రామన్నారు. వాళ్ళది తప్పు కాదు.

"ఏవండీ, వాకిట్లోనే పడుకోబెడదాం. ఇదీ మనదే కదా," అన్నాను నేను.

మా ఆయన నా వైపు చూడలేదు. తల్లి చూపు తెరిచిన తలుపు మీదే ఉంది. ఆయన వంగి ఆవిణ్ణి రెండు చేతులతో ఎత్తుకున్నారు. ఆవిడ జ్వరానికి చిక్కి పసిపిల్లలా అయిపోయారు. బాదుల మధ్య నుంచి పక్కకి తిరిగి, ఒక్కదానికీ తగలకుండా నడిచి, హాలు మధ్యలో చతికిలబడి ఆవిడ తల ఒళ్ళో పెట్టుకున్నారు. అత్తగారి చెయ్యి కొంచెం లేచింది. నన్నే పిలిచారు.

నేను గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. వెళ్దామనే ఉంది. ఆవిడ నాకు అమ్మలాంటిది, అయినా కాలు కదల్లేదు. పైన పోటీ ఒకటి సన్నగా కిర్రుమంది. అత్తగారి ఊపిరి ఎప్పుడాగిందో నేను చూడలేదు. ఆ సేపంతా నేను స్లాబునే చూస్తున్నాను.