తమ్ముని విస్తట్ల ఏం పెట్టాలె

తమ్ముడు పోయిండని ఫోన్ వచ్చిన పొద్దున అన్ని పొద్దుల లెక్కనే ఉండె. వాకిలి ఊడ్చి సాన్పి చల్లిన, ముగ్గు వేసిన. దేవుని దగ్గర దీపం పెట్టి, పాలు పొయ్యి మీద పెట్టిన. ఆదివారం కాబట్టి ఉప్మాకు వానికి కూడా కలిపి ఉల్లిగడ్డ కోసిన. నాచారంల మీటింగుకు పోయేముందు ఉప్పల్‌ల మా ఇంటికి వచ్చి ఇంత తిని పోయేటోడు. గేటు చప్పుడు కోసం చెవులు పెట్టి ఉంటే ఫోన్ మోగింది. "వదినా, ఆయన లేస్తలేడు" అన్నది మరదలు. నిద్రలనే గుండె ఆగిందని దవాఖానల చెప్పిన్రు.

మా తమ్ముడు మీకు తెల్వదు. నాచారంల ఒక ఫ్యాక్టరీల మిషన్ మీద పని. తాగేటోడు. వాడే నలుగురిల నిలబడి ఆ మాట చెప్పుకున్నడు గనుక నేనూ చెప్తున్న.

ఏటేటా మాల వేయించినం. మాల మెడల ఉన్నన్ని దినాలు చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, చిన్నపిల్లలను కూడా స్వామీ అని పిలుసుడు. మాల తీసిన సాయంత్రమే మళ్ల వైన్స్ ముంగట ఉండేటోడు. ఒకసారి నేను ఏమీ అనకముందే తనే అన్నడు: "మాల ఉన్నన్నాళ్లు దేవుడు పట్టుకున్నడక్కా. ఇప్పుడు నన్ను పట్టుకునేటోళ్లు ఎవరు?"

పట్టుకునేటోళ్ల కోసం వెతికిన. తాగుడు మానాలనుకునేటోళ్ల కోసమని దవాఖాన గోడకు అంటించిన కాగితం మీద నంబరు దొరికింది. ఫోన్ ఎత్తినాయన తన పేరు ఒక్కటే చెప్పిండు, ఇంటిపేరు చెప్పలే. నా పేరు అడగలే. ఆదివారం పొద్దున నాచారంల ఒక చర్చి వెనక గదికి తోలుకరమ్మన్నడు. చర్చి అనంగనే నేను వెనుకాడిన. "గది కిరాయికి తీసుకున్నం తల్లీ. నీ దేవుణ్ణి నువ్వే మొక్కు" అని నవ్విండు.

పోయినం గాని గది దొరకలే. తాగుడు మానేటోళ్ల మీటింగ్ ఎక్కడ అని రోడ్డు మీద ఎట్లడుగుత? చర్చి వెనక సందులనే తిరిగి తిరిగి తమ్మునికి యాష్టకొచ్చింది. "వైన్స్ ఎవర్నీ అడగకుంటనే దొరికేది. దీన్ని గిట్ల దాసిపెట్టిన్రేంది?" అన్నడు. చాన్నాళ్లకు ఇద్దరం నవ్వినం. నవ్వు విని, గేటు కాడ ఉన్న మనిషి "మీటింగుకేనా? రాండ్రి" అన్నడు.

నేను బయట జపం చేసుకుంట ఉన్న. లోపల విన్నది లోపలనే వదిలి రావాలెనట. వాడు ఒక్కటే చెప్పిండు. "నేను తాగుబోతునని నా నోటితోని చెప్పినక్కా. ఎవ్వరూ నవ్వలే."

తరువాత జారలేదని కాదు, జారిండు. మళ్ల పోనికి సిగ్గుపడితే ఆ గేటు కాడి మనిషే ఇంటికి వచ్చి స్కూటర్ మీద ఎక్కించుకపోయిండు. నిలదొక్కుకున్నంక తమ్ముడే అందరికంటే ముందు పోయి సందు మొగల నిలబడేటోడు. "సిగ్గుపడేటోడు తొవ్వ అడగడక్కా, మనమే గుర్తుపట్టాలె" అనేటోడు. మానినవు గదరా, ఇంకెన్నాళ్లు పోతవంటే, ఇయ్యాల్టికైతే తాగలే, రేపటి ముచ్చట రేపు అనేటోడు.

కాష్టం కాడికి కొన్ని కొత్త మొహాలు వచ్చినయి. ఎవరు మీరని చుట్టాలు అడిగితే దోస్తులం అన్నరంతే. పాడె మోసిన్రు. వచ్చే తొవ్వల మనోళ్లు ఆనవాయితీ ప్రకారం మందుకు ఆగితే, వాళ్లు ఆగకుంట పోయిన్రు.

మూడోనాడు పిట్టకు పెట్టాలె. పోయినోనికి ఇష్టమైనవి విస్తట్ల పెడితే కాకి ముట్టాలె, ముట్టకుంటే వానికేదో కోరిక మిగిలినట్టు. ముందురోజు సాయంత్రం అందరం కూసున్నం. అన్నోజిగూడ నుంచి వచ్చిన మా మేనమామ క్వార్టర్ సీసా తీసి మధ్యల పెట్టిండు. చెడ్డోడు కాదు, తమ్ముణ్ణి భుజాల మీద తిప్పినోడు. "వాని పానమంతా దీని మీదనే ఉండె. ఇది లేకుంటే పిట్ట ముట్టదు" అని కండ్లు తుడుసుకున్నడు. నాకూ భయమయింది. పిట్ట రాకుంటే ఎట్ల ఓర్సుకుంట?

మరదలు తలెత్తలేదు. "ఆయన విడిచిపెట్టిన దాన్ని మళ్ల ఆయన నోటి కాడనే పెడ్తరా మామా? అది మానేటప్పుడు ఎంత ఏడ్చిండో నేను చూసిన" అన్నది.

మామ సీసాను తన దిక్కు జరుపుకున్నడు. తరువాత, మరేం తింటుండె బిడ్డా, నాకు పాత ముచ్చట్లే ఎరుక అన్నడు. తాగుడు మానినంక తీపి మరిగిండని, జిలేబి అంటే పానమని మరదలు చెప్పింది. "వాడా? చిన్నప్పుడు బెల్లం పెడితే ఉమ్మేసేటోడు" అని మామ ఏడుపులనే నవ్విండు.

విస్తట్ల జిలేబి పెట్టాలె అనుకున్నం. మూడోనాడు గాని, పదోనాడు గాని ఇంట్ల మందు వద్దనుకున్నం. దినం నాడు ఆ దోస్తులను మొదటి బంతిల కూర్చోపెట్టాలె అనుకున్నం. మామ సీసాను స్కూటర్ డిక్కీల పెట్టి, ఉప్పల్‌ల బండి మీది వేడి జిలేబి పొద్దున్నే తనే తెస్తనన్నడు. పిట్ట జాడ లేకుంటే ఏం చెయ్యాలెనో కూడా అనుకున్నం. ఎవ్వరూ డిక్కీ తియ్యొద్దు. పిట్ట వచ్చిందాక జిలేబి మీద ఈగలు తోలుకుంట అందరం అక్కడనే ఉండాలె.