ఎర్ర పురి, పచ్చ పురి

అరవై రెండేళ్లు వచ్చేదాకా నాకు అక్షరాలు రావు కనుక ఈ సంగతి రాయలేదు. మా చర్చి అయ్యగారి భార్య దగ్గర నేర్చుకున్నాక కూడా ఏడాది పాటు రాయలేదు, అది మాత్రం భయంతో.

నంద్యాలలో కుందూ ఒడ్డున, గూడ్స్ షెడ్డు పక్కనున్న పాత గోదాములు పడగొడుతున్నారంటే పోయిన వారం చూడబోయాను. మిగిలిన గోడకు రెండు గుమ్మాలు, ఒకదానిపైన డోన్ అనీ, రెండోదానిపైన గుంటూరు అనీ వెలిసిపోయిన అక్షరాలు. ఏళ్ల తరబడి వాటి కిందనే కూర్చుని నేనూ మా అత్తా మూటల మూతులు కుట్టాము గానీ, మాకు గుర్తు దారమే: డోన్ వ్యాగనుకు పోయే మూటకు ఎర్ర పురి, గుంటూరు వైపు పోయేదానికి పచ్చ పురి. మోసే అన్నలకూ చదువు లేదు, పురి రంగు చూసే గుమ్మం దాటేవారు.

ఒక మబ్బు పట్టిన రోజున, డోన్ రైతులకు పోవలసిన శనగ విత్తనం మూటలు కుడుతుంటే నా ఎర్ర పురి అయిపోయింది. తడుస్తాయన్న తొందరలో పచ్చ పురితో కుట్టేసి, మోసేవాళ్లకు చెబుదామనుకుని మరిచిపోయాను. మూటలు గుంటూరు దారి పట్టాయి, అవి వెనక్కి వచ్చేసరికి విత్తే అదను దాటిపోయింది. గుమాస్తా ఆడవాళ్లందరినీ వరుసగా నిలబెట్టి, "ఎవురు కుట్నారు ఇవి?" అన్నాడు. నాకు ఆరో నెల, ఇంట్లో మా ఆయనకు పని లేదు.

మా అత్త ముందుకొచ్చి, "నేనేనప్పా. కండ్లు మసకలొచ్చినాయి, రంగు తెలీలా" అంది.

"మసకలొస్తే ఇంటికాడ కూచో పో. రేపట్నుంచి రావద్దు."

ఎవరి కుట్టు ఏదో మా ఆడవాళ్లకు చూడగానే తెలిసేది. ఆ వరుసలో అందరికీ తెలుసు, ఒక్కరూ నోరు విప్పలేదు.

బియ్యంలో రాయిని గడప అవతల నుంచి పట్టే చూపు మా అత్తది. ఆ రోజు మొదలు, నలుగురిలో ఉన్నప్పుడు సూదీ దారమూ నా చేతికిచ్చి ఎక్కించమనేది. పోయేదాకా అంతే. ఆళ్లగడ్డలో ఉన్న మా ఆడబిడ్డ వచ్చినప్పుడల్లా, "మా యమ్మ కండ్లు కనపడక డోన్ శనగలు గుంటూరోళ్లకు పంపిచ్చె" అని అందరినీ నవ్వించేది. వాళ్లతో పాటు నేనూ నవ్వేదాన్ని.

ఇప్పుడు మూటలు మిషన్ కుడుతుంది, అన్నిటికీ ఒకటే తెల్ల దారం. ఆ కుట్టు ఎవరిదో, తప్పు మీదేసుకున్నది ఎవరో తెలిసినవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను.

నిన్న సాయంత్రం ఇంతవరకు రాసి ఆపాను. పొద్దున మొదటి బస్సుకు ఆళ్లగడ్డ పోయి, మా ఆడబిడ్డను ఎదురుగా కూర్చోబెట్టి మొదటి నుంచి చదివాను. ఆమె కొంగు అంచు మడిచింది.

"అయితే అమ్మ కండ్లు బాగుండెనంటావు."

"బాగుండె."

"ఆ ముక్క మళ్లా చదువు వదినా."

మళ్లీ చదివాను.