ఎవరి తాలూకా?

నల్లపాడులో నేను అద్దెకున్న ఇంటి పిన్నిగారు ఏ ప్యాకెట్‌నైనా వెనక్కి తిప్పి చదివాకే విప్పేవారు. పెళ్ళిసంబంధం విచారించినట్టు ఒక్కో పేరునూ నిలదీసేవారు. "మైదా, ఉల్లిపాయ, ఉప్పు మనవాళ్ళే. ఈ ఎమల్సిఫయర్ ఎవరి తాలూకా?"

ఒకరోజు నేను రెడీమేడ్ పఫ్‌లు తెచ్చాను. పిన్నిగారు పెరట్లో ఉండగా బాబాయిగారు రెండు లాగించి, "కూర ఎరుపు చూడరా, మన మిరపకాయే!" అని మురిసిపోయారు. తర్వాత నోరు పుక్కిలిస్తే సింకంతా ఎర్రబడింది.

"రక్తంరా! ఒంగోల్లో అమ్మాయికి ఫోన్ చెయ్యి!" అంటూ కుర్చీలో కూలబడ్డారు. దేనికైనా జోకేసే నాకు ఒక్కటీ తట్టలేదు. అంటే పరిస్థితి విషమమే.

పిన్నిగారు వచ్చి, మిగిలిన పఫ్‌లోని కూర కాస్త గ్లాసు నీళ్ళలో వేశారు. నీళ్ళూ ఎర్రబడ్డాయి.

"మిరపకాయ రంగు నూనెలోకి దిగుద్ది గానీ, ఇట్టా నీళ్ళలోకి దిగుద్దా? అట్టమీద రాసే ఉంది, సింథటిక్ రంగని. మీకేం కాలేదు, లేవండి."

బాబాయిగారి ముఖంలోకి ప్రాణం తిరిగొచ్చింది. "ఒరేయ్, నేను బతికానని అమ్మాయికి చెప్పెయ్యరా."

"మీరు పోతున్నారని ఇంకా చెప్పలేదండీ," అన్నాను.