అక్కకు తొడగని ఉంగరం

మా అక్క మిర్యాలగూడలో అంగన్‌వాడీ టీచరు. నేను కోదాడలో జాకెట్లు కుట్టుకుంటాను. పదిహేనేళ్ళ కిందట అక్క సూర్యాపేటలో తెలిసినవాళ్ళింట్లో ప్రార్థన ఉందంటే వెళ్ళింది. కొన్నాళ్ళకు బహాయీ మతంలో చేరానని ఫోన్ చేసి చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. ఉన్న దేవుళ్ళు చాలలేదా అని దులిపేశాను.

"దేవుళ్ళెందరే? ఉన్నది ఒక్కడే," అంది. "కృష్ణుడైనా, ఏసైనా ఆయన పంపినోళ్ళే. ఒకటో తరగతికి ఒక టీచరు, రెండో తరగతికి ఇంకో టీచరు. బడి మారుతదా?"

"మీ టీచరు ఏ ఊరాయన?"

"ఇరాన్ల పుట్టిండు. మనుషులంతా ఒక్కటే అన్నందుకు జీవితమంతా జైళ్ళల్ల తిప్పిండ్రు."

వాళ్ళకు నెలంటే పందొమ్మిది రోజులే. ప్రతి నెలా మొదటి రోజున అక్క ఇంట్లో చాప పరిచేవాళ్ళు. మిల్లులో పనిచేసే ఆమె, తండా నుంచి వచ్చే ఆమె, షావుకారి కోడలు పక్కపక్కనే కూర్చునేవాళ్ళు. ఎవరికి చదవాలనిపిస్తే వాళ్ళు ప్రార్థన చదివేవాళ్ళు. తర్వాత మంచీచెడ్డా మాట్లాడుకుని టిఫిన్ తినేవాళ్ళు. వీలైనప్పుడల్లా నేనూ పోయేదాన్ని. ఉప్మా కోసం వచ్చానని అక్కను ఉడికించేదాన్ని.

"మాకు పూజారి లేడే. ఎవరి నిజం వాళ్ళే ఎతుక్కోవాలె," అని గొప్పగా చెప్పుకునేది. బహాయీల్లో పేరు రాయించుకోమని నన్ను ఎన్నిసార్లు అడిగిందో. మా అత్తగారింట్లో తెలిస్తే ఇంకేమన్నా ఉందా! నవ్వేసి మాట దాటేసేదాన్ని.

అక్కకు జబ్బు చేసి, అది ముదిరాక ఒక తెల్ల నూలు బట్ట, ఒక ఉంగరం నా చేతిలో పెట్టింది. దేవుడి దగ్గర్నుంచి వచ్చి ఆయన దగ్గరికే పోతున్నానని ఆ ఉంగరం మీద చెక్కి ఉంటుందట.

"నన్ను కాల్చనియ్యకు చెల్లె. కడిగి, ఈ బట్ట చుట్టి, ఉంగరం తొడిగి మట్టిల పెట్టుండ్రి. గంట తొవ్వకంటె దూరం తీస్కపోవద్దు. గీడనే పెట్టాలె. మా నియమమది."

వీలునామా రాయడం కూడా వాళ్ళ నియమమే. రాయమంటే, "నువ్వుండంగ కాయితమెందుకే?" అంది. ఆ మాటకు నేను పొంగిపోయి ఊరుకున్నాను. అప్పుడు నా బుద్ధి ఏమైందో.

ఒకరోజు పొద్దున్నే అక్క పోయిందని ఫోన్ వస్తే నేనూ మా ఆయనా బస్సెక్కాం. వెళ్ళేసరికి పాడె కట్టేశారు. సూర్యాపేట నుంచి వచ్చిన ఇద్దరు బహాయీలు గేటు బయటే నిలబడ్డారు. "మేం లొల్లి చెయ్యలేమమ్మా. ఇంటోళ్ళు ఒప్పుకోవాలె. మీరు చెప్పుండ్రి," అన్నారు.

అక్క కోరిక బావకు చెప్పాను. ఆయన వాళ్ళన్న వంక చూశాడు.

"కాయితం ఏమన్న రాసిందా?" అని అడిగాడు పెద్దాయన.

"లేదండీ. నాతో చెప్పింది."

"నువ్వు గూడ ఆ మతంల ఉన్నవా?"

గట్టిగా కూడా అడగలేదు ఆయన. ఉన్నానంటే చాలు, ఇంకో మాట వినేవాడే. పక్కన మా ఆయన ఉన్నాడు.

"లేదు," అన్నాను.

"మరి నీకేం తెలుసు తల్లీ," అని పాడె లేపమన్నాడు.

ఆడవాళ్ళం ఇంటి దగ్గరే ఉండిపోయాం. బట్టా ఉంగరం సంచిలో ఉన్నాయి. సంచి ఒళ్ళో పెట్టుకుని, వాకిట్లో పడ్డ పూలు ఎవరో ఊడుస్తుంటే చూస్తూ కూర్చున్నాను. అప్పటికీ పరుగెత్తి ఆపొచ్చు. కదల్లేదు.

ఇంక దిద్దుకోవడానికి ఏమీ మిగల్లేదు. అక్క ఇంట్లో ఇప్పుడు చాప పరిచేవాళ్ళు లేరు. ఉంగరం నా మిషన్ సొరుగులో, బాబిన్ల మధ్య ఉంది. రోజూ పొద్దున తలుపేసుకుని అక్క ఇచ్చిన పుస్తకంలో ప్రార్థన చదువుకుంటాను. ఇది ఆమె పోయాక పట్టుకున్న అలవాటు కాదు. ఎనిమిదేళ్ళుగా చదువుతున్నాను. ఆ రోజు పొద్దున బస్సులో కూడా, మా ఆయనకు వినపడకుండా, పెదాలు కదపకుండా చదువుకున్నాను.